నలభై ఒకటి

గ్రిమ్స్‌బీలో జనవరి. ఉదయం ఏడున్నర.
రేవు గాలిలో డీజిలూ ఉప్పూ.
వృద్ధాశ్రమం రెండో అంతస్తు, పద్నాలుగో గది.
స్నానాలగదిలో మోకాళ్ళ మీద కూచుని
గోడలోంచి షవర్ వాల్వు ఊడదీస్తున్నాను.

"దానికింత తంతెందుకు?
చెయ్యి పెట్టి చూస్తే పోదా?"
మంచం మీంచి మ్యూరియల్ ట్రష్.
ఎనభై ఏడేళ్ళు. అందులో ముప్ఫై నాలుగు
చేపల షెడ్డులో, మంచునీళ్ళలో మోచేతులదాకా ముంచి
కాడ్ చేపల్ని చీరుతూ.

చెయ్యి పెట్టి చూడమన్న మాటకి
తనే ముందు నవ్వింది.
ఆ వేళ్ళకి టీ కప్పు కాలడమూ తెలీదు,
కిటికీ చువ్వ కొరకడమూ తెలీదు.

నాకు తెలుసు.
తొమ్మిదేళ్ళప్పుడు నేను షవర్ కింద ఉండగా
కింద మా అన్న డెంజిల్ ఫ్లష్ లాగాడు.
చన్నీళ్ళన్నీ అటు పరిగెత్తాయి.
వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు, సరే,
తోడు మధ్యలో జారుకుంటే ఏమవుతుందో
నా ఎడమ భుజం మీద
ఇప్పటికీ రాసే ఉంది.

ఇదిగో, అసలు మనిషి వీడు:
చిటికెనవేలి కణుపంత రాగి గొట్టం.
లోపల మైనం.
నీళ్ళు వేడెక్కితే మైనం ఉబ్బుతుంది,
ఉబ్బి ఒక సూదిని నెడుతుంది,
సూది తలుపుని నెడుతుంది,
వేణ్ణీళ్ళ దారి ఇరుకవుతుంది.
చల్లబడితే మైనం ముడుచుకుంటుంది,
కాచుకునున్న స్ప్రింగు తలుపుని వెనక్కి తోస్తుంది.
మొత్తం ప్రయాణం
బియ్యపుగింజ మందం కూడా ఉండదు.
కరెంటు లేదు, బుర్ర లేదు, నిద్ర లేదు.

పిడులు రెండు.
ఒకటి నీళ్ళు ఎన్ని అని అడుగుతుంది,
ఇంకోటి ఎంత వెచ్చన అని.
మొదటిదాన్ని మ్యూరియల్ ఎంత తిప్పినా పర్వాలేదు,
ధార లావవుతుంది, సన్నబడుతుంది, అంతే.
రెండోది నలభై ఒకటి దగ్గర
నేను బిగించిన మేకుకి తగిలి ఆగుతుంది.

కానీ ఇక్కడి నీళ్ళు సుద్దరాయిలోంచి వస్తాయి.
పదేళ్ళకి జల్లెడ మూసుకుపోయింది,
తలుపు అంచుల్లో తెల్లటి పొర కట్టింది,
మైనానికీ ముసలితనం వచ్చింది.
ఏం చేస్తాం, కొత్త కణుపు వేశాను.

ఇప్పుడు పరీక్ష.
షవర్ తెరిచి, చన్నీళ్ళ పైపు కట్టేస్తాను.
తోడు తప్పిపోయింది. చూద్దాం.
ఒకటి.
ధార ఉలిక్కిపడింది.
రెండు.
సన్నబడింది, దారమైంది,
మూడు అనేలోగా
బొట్టు. ఇంకో బొట్టు.
ఇక లేదు.

"ఆగిపోయిందే! పాడుచేశావా పిల్లా?"
"ఆగడమే దాని పనండీ."
"అయితే మా ఆయన కన్నా నయం."

పాత కణుపు ఇమ్మంది. ఇచ్చాను.
అటూ ఇటూ తిప్పి చూసి, నేను వారించేలోగా
టీలో పడేసింది.
చెంచాతో తీసేసరికి
నత్త కొమ్ములా సూది బయటికొచ్చి ఉంది.
బొటనవేలితో నొక్కింది. లొంగలేదు.
పళ్ళు బిగించి మళ్ళీ నొక్కింది. ఊహూ.

వేడి తెలియని వేలికి
మొండితనం మాత్రం బాగా తెలుస్తుంది.

మళ్ళీ టీలో వేసి, తీసి, నొక్కి,
మళ్ళీ వేసి,
అలా నేను పలకలు తుడిచి, పనిముట్లు సర్ది,
కాగితం మీద గది పద్నాలుగు, నలభై ఒకటి,
తేదీ, సంతకం పెట్టేదాకా చూస్తూనే ఉంది.

"లోపలికి పోయింది!" అని అరిచింది.
"ఇప్పుడు తాగచ్చన్నమాట."

కప్పులోకి తొంగి చూసింది.
సుద్దపొడి తేలుతోంది.

"వేరే టీ తెప్పించు" అంది
కణుపుని గౌను జేబులో వేసుకుంటూ.
"ఇది మాత్రం నాది."